అప్పీలు కోర్టు చేతికి వచ్చేది కాగితాలే

2007 డిసెంబర్‌లో విజయవాడ దగ్గర ఇబ్రహీంపట్నంలోని ఒక లేడీస్ హాస్టల్‌లో విద్యార్థిని హత్యకు గురైంది. మరుసటి ఏడాది పోలీసులు ఒక యువకుణ్ని అరెస్టు చేశారు. 2010 సెప్టెంబర్‌లో విజయవాడ మహిళా సెషన్స్ కోర్టు అతనే దోషి అని తేల్చి శిక్ష వేసింది. 2017 మార్చి 31న హైదరాబాద్‌లోని ఉమ్మడి హైకోర్టు ఆ తీర్పును కొట్టేసి అతన్ని నిర్దోషిగా వదిలేసింది. లక్ష రూపాయల పరిహారం ఇమ్మంది. అప్పటికే అతను ఎనిమిదేళ్లకు పైగా జైల్లో గడిపాడు.

ఇంకో కేసు. 1991 ఆగస్టు 6న గుంటూరు జిల్లా చుండూరులో ఎనిమిది మంది దళితులను చంపారు. ఆ ఊళ్లోనే ప్రత్యేక కోర్టు పెట్టి విచారణ జరిపారు. 2007 జులై 31న 21 మందికి యావజ్జీవం, 35 మందికి ఏడాది జైలు పడింది. 2014 ఏప్రిల్ 22న హైకోర్టు వాళ్లందరినీ విడుదల చేసింది.

మొదటి కేసులో హైకోర్టు ఉండబట్టి ఒకడు బయటపడ్డాడని జనం అనుకున్నారు. రెండోదాంట్లో ఎనిమిది ప్రాణాలకు జవాబు చెప్పేదెవరని నిలదీశారు. ఆ నిలదీతలో న్యాయం ఉంది. అయితే రెండు కేసుల్లోనూ హైకోర్టు వాడిన అధికారం ఒకటే, పని చేసిన పద్ధతీ ఒకటే. సెషన్స్ జడ్జి ముందున్న సాక్ష్యాన్నే ఇద్దరు జడ్జీలు మళ్లీ చదివి వేరే నిర్ణయానికి వచ్చారు. అదెలా కుదురుతుందో, ఎక్కడిదాకా కుదురుతుందో తెలియాలంటే అప్పీలు కోర్టు ముందు అసలు ఏముంటుందో చూడాలి.

సాక్షి ఉండడు. మామూలుగా హైకోర్టులో ఎవరూ బోనెక్కరు. ఉండేది పేపర్ బుక్: ఛార్జిషీటు, సాక్షుల డిపోజిషన్లు (కోర్టులో చెప్పిన సాక్ష్యం), ఎగ్జిబిట్లు (రుజువుగా గుర్తు వేసిన కాగితాలు), మధ్యవర్తుల రిపోర్టులు (పంచనామాలు), పోస్ట్‌మార్టం సర్టిఫికెట్, ముద్దాయిని జడ్జి అడిగిన ప్రశ్నలు, అతని జవాబులు, కింది కోర్టు తీర్పు. సాక్షి గొంతు వణికిందా, ఎవరి వైపు చూస్తూ చెప్పాడు, ఎక్కడ తడబడ్డాడు అన్నవి ఆ పుస్తకంలోకి ఎక్కవు. సాక్షి తీరు మీద తన అభిప్రాయం రాసే వీలు ట్రయల్ జడ్జికి చట్టం ఇచ్చింది గానీ అలా రాసేవాళ్లు తక్కువ. పైగా మన దగ్గర సాక్షి చెప్పేది తెలుగులో. చాలా కోర్టుల్లో జడ్జి దాన్ని ఇంగ్లీషులో స్టెనోకు చెబితే అదే రికార్డు అయిపోతుంది. సాక్షి ఏ భాషలో చెబితే ఆ భాషలోనే రాసుకోవాలని సుప్రీంకోర్టు 2023లో గట్టిగా చెప్పాల్సి వచ్చిందంటే పరిస్థితి ఊహించుకోవచ్చు.

అందుకే అనుభవమున్న క్రిమినల్ లాయర్లు అప్పీలు సగం కింది కోర్టులోనే తేలిపోతుందంటారు. నన్నడిగితే సగం కాదు, ముప్పావు వంతు. కింద అడగని ప్రశ్న పైన సాధారణంగా అడగలేం. కింద చెప్పని అభ్యంతరం పైకి వచ్చేసరికి బలం కోల్పోతుంది. ముద్దాయి హక్కులు రాజ్యాంగంలో ఉంటే ఉండొచ్చు, అప్పీలులో అక్కరకొచ్చేది మాత్రం రికార్డులోకి ఎక్కిన హక్కులే.

ఎక్కడి నుంచి ఎక్కడికి

2024 జులై 1 నుంచి క్రిమినల్ కేసులు ఎలా నడపాలో చెప్పే పాత సీఆర్పీసీ స్థానంలో భారతీయ నాగరిక్ సురక్షా సంహిత వచ్చింది. సెక్షన్ల నంబర్లు మారాయి గానీ అప్పీళ్ల ఏర్పాటు పెద్దగా మారలేదు. కోర్టు వరండాల్లో ఇప్పటికీ పాత నంబర్లే వినిపిస్తాయి.

మేజిస్ట్రేట్ శిక్ష వేస్తే అప్పీలు సెషన్స్ కోర్టుకు. సెషన్స్ జడ్జి వేసిన శిక్ష మీద, ఏ కోర్టయినా ఏడేళ్లకు మించి వేసిన శిక్ష మీద హైకోర్టుకు. గడువు సెషన్స్ కోర్టుకైతే 30 రోజులు, హైకోర్టుకైతే 60 రోజులు, మరణశిక్ష పడితే 30 రోజులే. తీర్పు కాపీ కోసం ఎదురుచూసిన రోజులు ఇందులో లెక్కకు రావు. ఆలస్యమైతే కారణం చూపించి మన్నించమని కోరవచ్చు. నేరం ఒప్పుకుని శిక్ష పడినవాళ్లకు దారి ఇరుకు. శిక్ష ఎక్కువైందనో, చట్టప్రకారం లేదనో మాత్రమే వాదించగలరు. కేసు తొందరగా తెమిలిపోతుందని ఒప్పేసుకోమని ముద్దాయికి సలహా ఇచ్చేవాళ్లు ఈ ముక్క చెప్పరు.

ఈ మొదటి అప్పీలు ఎవరో దయతలచి ఇచ్చేది కాదు. శిక్ష పడ్డ మనిషికి అది హక్కు. అప్పీలు కోర్టు సాక్ష్యం మొత్తాన్ని తనకు తానుగా తూచాలి. ‘కింది కోర్టు సరిగ్గానే చెప్పింది’ అని ఒక్క వాక్యంతో సరిపెట్టడానికి లేదు. లాయరు రాలేదన్న కారణంతో అప్పీలును కొట్టేయకూడదనీ, రికార్డు చూసి మంచిచెడ్డలు తేల్చాల్సిందేననీ బానీ సింగ్ కేసులో సుప్రీంకోర్టు 1996లో చెప్పింది. ముద్దాయి జైల్లో ఉండి లాయరు మొహం చాటేస్తే అమికస్ క్యూరీని, అంటే కోర్టే నియమించే లాయరును, పెట్టి వినడం ఇప్పుడు మంచి పద్ధతిగా స్థిరపడింది.

రికార్డును ఎలా చదువుతారు

మొదట చూసేది మాట మారిందా అని. పోలీసులకు ఇచ్చిన స్టేట్‌మెంట్‌ను, అదే లాయర్లు 161 స్టేట్‌మెంట్ అనేదాన్ని, ముద్దాయికి వ్యతిరేకంగా సాక్ష్యంగా వాడుకోవడానికి లేదు. సాక్షి కోర్టులో వేరే మాట చెబితే ఆ తేడాను ఎత్తిచూపడానికి మాత్రమే పనికొస్తుంది. డిఫెన్స్ లాయరు క్రాస్ ఎగ్జామినేషన్‌లో ఆ భాగాన్ని సాక్షికి చూపించి, తర్వాత దర్యాప్తు అధికారి చేత అవుననిపించాలి. ఈ రెండు మెట్లలో ఒకటి తప్పినా, ఎంత పెద్ద వైరుధ్యమైనా అప్పీలు కోర్టు ముందు అది లేనట్టే. హైకోర్టు తీర్పుల్లో దీని మీద పేజీలకు పేజీలు కనిపిస్తాయి. బయటివాళ్లకు ఇదంతా చాదస్తం, లోపలున్నవాడికి జీవితకాలపు శిక్ష.

అయితే ఒక అబద్ధం దొరికిందని సాక్షి మొత్తం సాక్ష్యాన్ని పారేయరు. ఆ సూత్రం మన దేశంలో చెల్లదని సుప్రీంకోర్టు పదేపదే చెప్పింది. పొల్లు ఎంత, గింజ ఎంత అని చెరగడమే జడ్జి పని. చుండూరు లాంటి కేసుల్లో అసలు గొడవ ఇక్కడే వస్తుంది. వందల మంది గుంపు దాడి చేసినప్పుడు, ప్రాణభయంతో పరిగెత్తిన మనిషి ఎవరు ఎవర్ని ఏ ఆయుధంతో కొట్టారో పొల్లుపోకుండా చెప్పగలడా? చెప్పలేకపోతే ఆ తేడాలను మామూలు హత్య కేసులో లెక్కించినట్టే లెక్కించాలా? హైకోర్టు కఠినంగా చదివింది. ఇలాంటి కేసుల్లో సందర్భాన్ని పక్కన పెట్టి కాగితాన్ని మాత్రమే చదివితే సాక్షులకు అన్యాయం జరిగే ప్రమాదం ఎక్కువని నా అభిప్రాయం. ఆ తీర్పు మీద సుప్రీంకోర్టుకు అప్పీళ్లు వెళ్లాయి.

రెండోది, చూసిన సాక్షి లేని కేసులు. వీటికి 1984 నాటి శరద్ సర్దా తీర్పే గీటురాయి. ప్రతి పరిస్థితినీ విడిగా రుజువు చెయ్యాలి. అన్నీ కలిసి తెగని గొలుసు కావాలి. ఆ గొలుసు ముద్దాయి దోషి అన్న ఒక్క దిక్కే చూపించాలి. చేసి ఉండొచ్చు అన్న అనుమానానికీ, చేసి తీరాలి అన్న రుజువుకూ మధ్య దూరం చాలా ఉందని ఆ తీర్పు గుర్తు చేసింది. అదే తీర్పు ఇంకో మాట కూడా అంది. ప్రాసిక్యూషన్ సాక్ష్యం అయిపోయాక జడ్జి ముద్దాయిని స్వయంగా ప్రశ్నించి, సాక్ష్యంలో అతని మీద ఏమేం వచ్చాయో చెప్పి వివరణ అడుగుతాడు. దాన్ని 313 ఎగ్జామినేషన్ అంటారు, కొత్త చట్టంలో 351. అక్కడ ముద్దాయి ముందు పెట్టని విషయాన్ని అతని మీద వాడకూడదు. చాలా కోర్టుల్లో ఈ ఘట్టం ‘అబద్ధం’, ‘తెలియదు’ అన్న జవాబులతో పావుగంటలో ముగిసిపోతుంది. పైకి వచ్చాక ఆ పావుగంటే కేసును తిప్పేయొచ్చు.

మూడోది, పోలీసుల ముందు చెప్పిన మాట. ఇక్కడ దేశమంతా ఇప్పటికీ చెప్పుకునే తీర్పు మన గుంటూరు ప్రాంతం నుంచే వెళ్లింది. పులుకూరి కొట్టయ్య కేసు. ఊళ్లో రెండు వర్గాల మధ్య జరిగిన దాడి అది. గుంటూరు సెషన్స్ కోర్టు నుంచి మద్రాసు హైకోర్టుకు, అక్కడి నుంచి బ్రిటిష్ కాలంలో అన్నిటికన్నా పై కోర్టు అయిన లండన్‌లోని ప్రివీ కౌన్సిల్ దాకా పోయింది. 1946 డిసెంబర్‌లో తీర్పు వచ్చింది. ఫలానా చెరువు మూల కాపు కాసి కొట్టి చంపామనీ, బల్లెం ఊళ్లో ఒకరి గడ్డివాములో దాచాననీ, వస్తే చూపిస్తాననీ ఒక ముద్దాయి పోలీసులతో చెప్పాడు. బల్లెం దొరికింది. కింది కోర్టులు మాట మొత్తాన్నీ సాక్ష్యంగా తీసుకున్నాయి. ప్రివీ కౌన్సిల్ కుదరదంది. గడ్డివాములో దాచాను, చూపిస్తాను అన్నంతవరకే చెల్లుతుంది. ఆ చోటు అతనికి తెలుసన్నదే అక్కడ బయటపడ్డ విషయం. కొట్టి చంపామన్న భాగం చెల్లదు, ఎందుకంటే పోలీసుల ముందు నేరం ఒప్పుకోవడం సాక్ష్యం కాదు. దాదాపు 80 ఏళ్లయింది. సెల్‌ఫోన్ స్వాధీనం చేసుకున్నా, కత్తి దొరికినా, ఏ మాట దాకా ఉంచాలి, ఏ మాట కొట్టేయాలి అని హైకోర్టు జడ్జీలు ఇప్పటికీ ఆ గడ్డివాము తీర్పునే తిప్పుతారు.

తప్పు జరిగిందంటే సరిపోదు

విచారణలో పొరపాటు జరిగిందని చూపిస్తే శిక్ష ఎగిరిపోతుందని చాలామంది అనుకుంటారు. అలా కాదు. ఆ పొరపాటు వల్ల న్యాయానికి భంగం కలిగిందని చూపించాలి. చార్జి రాయడంలో లోపం, తీర్పులో చిన్న తప్పు లాంటివి ముద్దాయి వాదనను దెబ్బ తీయకపోతే అప్పీలు కోర్టు పట్టించుకోదు. పైగా, ఈ అభ్యంతరం ముందే చెప్పి ఉండవచ్చా, చెప్పి ఉండాల్సిందా అని కూడా చూడమని చట్టమే అంటుంది. కిందా పైనా ఒకే లాయరు ఉంటే ఈ ప్రశ్న వచ్చినప్పుడు అతని మొహం చూడాలి.

కొన్ని తప్పులు మాత్రం వేరే జాతి. 1997లో ఢిల్లీలో బస్సులో బాంబు పేలిన కేసులో ముద్దాయికి మరణశిక్ష పడింది. చాలామంది సాక్షులను విచారించినప్పుడు అతనికి లాయరే లేడు, క్రాస్ చేసేవాళ్లు లేరు. 2012లో సుప్రీంకోర్టు ఆ శిక్షను రద్దు చేసింది. వదిలేయాలా, మళ్లీ విచారించాలా అన్నదాని మీద ఇద్దరు జడ్జీలకు పొసగక, ముగ్గురి బెంచి తిరిగి విచారణకు పంపింది. లాయరు లేని విచారణను విచారణగా లెక్కించడానికి లేదు. పేదవాడికి ప్రభుత్వ ఖర్చుతో లాయరును ఇవ్వడమే కాదు, ఆ హక్కు ఉందని అతనికి చెప్పడం కూడా కోర్టు బాధ్యతే అని 1986లో సుక్‌దాస్ కేసు తేల్చింది.

తిరుగు విచారణ ముద్దాయి కోసమే అనుకోవద్దు. 2002 గుజరాత్ అల్లర్లలో జరిగిన హత్యల మీద నడిచిన బెస్ట్ బేకరీ కేసులో సాక్షులు భయపడి మాట మార్చారు, ముద్దాయిలంతా విడుదలయ్యారు. 2004లో సుప్రీంకోర్టు ఆ విడుదలను రద్దు చేసి, మహారాష్ట్రలో మళ్లీ విచారించమంది.

విడుదల మీద అప్పీలు

శిక్ష పడ్డవాడి అప్పీలునూ, విడుదలైనవాడి మీద వేసిన అప్పీలునూ ఒకే తక్కెడలో తూచరు. చాలామందికి తికమకగా ఉండేది ఇదే.

1934లో షియో స్వరూప్ కేసులో ప్రివీ కౌన్సిల్ దారి వేసింది. విడుదల తీర్పు మీద కూడా సాక్ష్యం మొత్తం తిరగదోడే అధికారం హైకోర్టుకు ఉంది. కానీ సాక్షులను కళ్లారా చూసిన జడ్జి నమ్మకానికి విలువ ఇవ్వాలి. అనుమానం ఉంటే దాని లాభం ముద్దాయికి ఇవ్వాలి. 2007లో చంద్రప్ప కేసులో సుప్రీంకోర్టు దీన్ని ఇంకా గట్టి చేసింది. ముద్దాయి నిర్దోషి అన్నది మొదటే ఉన్న భావన. కోర్టు వదిలేశాక అది రెట్టింపు అవుతుంది. ఒకే సాక్ష్యం నుంచి రెండు సబబైన అభిప్రాయాలు వచ్చే వీలుంటే, కింది కోర్టు ముద్దాయికి అనుకూలమైనది ఎంచుకున్నప్పుడు హైకోర్టు దాన్ని కదపకూడదు. తనకు రెండోది బాగుందనిపించినా సరే.

విడుదలైనవాడు ఇంటికి వెళ్లి నిశ్చింతగా ఉండొచ్చా అంటే అదీ లేదు. పై కోర్టు పిలిస్తే వస్తానని ఆరు నెలల పాటు చెల్లే బాండు ఇచ్చి వెళ్లాలి. ప్రభుత్వం అప్పీలు వెయ్యాలంటే హైకోర్టు అనుమతి కావాలి. బాధితులకు 2009 డిసెంబర్ 31 నుంచి సొంతంగా అప్పీలు హక్కు వచ్చింది. వాళ్లకు ఆ అనుమతి అక్కర్లేదని 2018లో సుప్రీంకోర్టు చెప్పింది. శిక్ష తక్కువైందని, పెంచమని అడిగే హక్కు మాత్రం ఇప్పటికీ ప్రభుత్వానిదే.

అప్పీలుకు పోతే శిక్ష పెరుగుతుందేమో అని భయపడేవాళ్లు చాలామంది. ముద్దాయి తానే వేసుకున్న అప్పీలులో శిక్ష పెంచే అధికారం కోర్టుకు లేదు. ప్రభుత్వం విడిగా అప్పీలు వేసి, ముద్దాయికి నోటీసిచ్చి, పెంచకూడదని వాదించుకునే అవకాశం ఇస్తేనే అది కుదురుతుంది. ఆ సందర్భంలో కూడా ముద్దాయి తాను అసలు నిర్దోషినని వాదించవచ్చు.

మరణశిక్షకు వేరే వరస. సెషన్స్ జడ్జి వేసిన ఉరి శిక్ష హైకోర్టు ఖరారు చేసేదాకా అమలు కాదు. ముద్దాయి అప్పీలు వేసినా వేయకపోయినా కనీసం ఇద్దరు జడ్జీలు మొత్తం చదవాలి. వాళ్లిద్దరికీ పొసగకపోతే మూడో జడ్జి దగ్గరకు వెళుతుంది. 2013 ఫిబ్రవరి 21 దిల్‌సుఖ్‌నగర్ పేలుళ్ల కేసులో ఎన్ఐఏ కోర్టు 2016 డిసెంబర్‌లో ఐదుగురికి ఉరి వేసింది. తెలంగాణ హైకోర్టు దాన్ని 2025 ఏప్రిల్ 8న ఖరారు చేసింది. మధ్యలో ఎనిమిదేళ్లు దాటాయి.

ఆ పైన సుప్రీంకోర్టు. అక్కడికి వెళ్లడం చాలా కేసుల్లో హక్కు కాదు. ప్రత్యేక అనుమతి పిటిషన్ వేసి వినమని అడగాలి. సెషన్స్ కోర్టూ హైకోర్టూ రెండూ ఒకే మాట మీద ఉంటే సుప్రీంకోర్టు మామూలుగా సాక్ష్యం జోలికి పోదు. కింద విడుదలైనవాడికి హైకోర్టు ఉరి గానీ, యావజ్జీవం గానీ, పదేళ్లో అంతకు మించో జైలు గానీ వేస్తే మాత్రం సుప్రీంకోర్టుకు అప్పీలు అతని హక్కు. ఒక్క కోర్టే అతన్ని దోషి అంది కాబట్టి ఇంకొకరు చూడాలన్నది అందులోని తర్కం.

ఈలోపు జైల్లో ఎవరుండాలి

అప్పీలు వేయగానే శిక్ష ఆగదు. ఆపమని విడిగా అడగాలి, పాత నంబరుతో అందరూ 389 పిటిషన్ అనేది అదే. శిక్ష మూడేళ్ల లోపైతే, విచారణలో బెయిల్ మీద ఉన్నవాడికి అప్పీలు వేసుకునేదాకా ట్రయల్ కోర్టే బెయిల్ ఇవ్వగలదు. పదేళ్లు ఆపై శిక్ష పడదగ్గ నేరాల్లో విడుదల చేసే ముందు పబ్లిక్ ప్రాసిక్యూటర్‌కు రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పే అవకాశం ఇవ్వాలి. శిక్ష ఆపడం వేరు, దోషి అన్న నిర్ణయాన్నే ఆపడం వేరు. రెండోది అరుదు. 2023 ఆగస్టు 4న రాహుల్ గాంధీకి సుప్రీంకోర్టు ఇచ్చింది అదే, అందుకే ఎంపీ పదవి తిరిగొచ్చింది.

అసలు చిక్కు కాలంతో. జైల్లో ఉన్నవాడు జైలు అధికారి చేతికే అప్పీలు ఇవ్వొచ్చు, తీర్పు కాపీ ఉచితం, లాయరు ఉచితం. 1978లో హోస్కాట్ కేసులో జస్టిస్ కృష్ణయ్యర్ ఇవన్నీ బిగించారు. అన్నీ అంది, అప్పీలు దాఖలై, నంబరు పడి, ఏళ్లు గడుస్తాయి. సబబైన సమయంలో వినలేని అప్పీలు కోసం మనిషిని లోపల ఉంచడం ఏం న్యాయమని సుప్రీంకోర్టు 1977లోనే కశ్మీరా సింగ్ కేసులో అడిగింది. 2016లో హైదరాబాద్ హైకోర్టు దీన్ని లెక్కలోకి తెచ్చింది. యావజ్జీవం పడి, అప్పీలు తేలకుండా ఐదేళ్లు జైల్లో గడిపినవాళ్లు, కొన్ని తీవ్ర నేరాలు మినహా, బెయిల్ అడగవచ్చంది. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఖైదీల కుటుంబాలకు ఈ ఐదేళ్ల లెక్క బాగా తెలుసు. చాలామందికి అప్పీలు గెలుపు కంటే ముందు అందేది అదే.

ఈ లోపు అప్పీలు వేసినవాడు చనిపోతే అప్పీలు కూడా అక్కడితో ఆగిపోతుంది. ఉరి, జైలు శిక్షల కేసుల్లో చట్టం ఒక వెసులుబాటు ఉంచింది. తల్లిదండ్రులు, భార్య లేదా భర్త, పిల్లలు, తోబుట్టువుల్లో ఎవరైనా 30 రోజుల్లోగా అనుమతి అడిగి, పోయినవాడి తరఫున అప్పీలు నడిపించుకోవచ్చు.